తీసి ఉన్నది

జెజు దీవి, కొరియా
సెప్టెంబర్ 8, సోమవారం

శైలూ అక్కకు,

నిన్న మధ్యాహ్నం దీవికి చేరాను. కొరియాలోనే నేను పనిచేసే ఊళ్లో విమానం పైకి లేచి, ఇచ్చిన పండ్లరసం తాగేలోపే దిగమన్నారు. అంత దగ్గర. ఇక్కడున్నన్ని దినాలూ నాకు ఫోను లేదు, చేసి చేసి కంగారు పడొద్దు. నేను దిగిన ఇంటి పద్ధతి అది. వాకిట్లో చెప్పులు విప్పించి, చేతిలో ఫోను తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసి, ఆ తర్వాతే కాఫీ ఇస్తారు. వంటింట్లో ఒక పాత కంప్యూటరు ఉంది. సాయంత్రం గంటసేపు వాడుకోవచ్చు. కాబట్టి ఇంక ఉత్తరాలే. తెలుగు టీచరువి, నీకిది పండగ అని తెలుసు.

ఇంటామెకు డెబ్బై మూడేళ్లు. ఈ దీవి యాసలో ముసలామెను హల్మాంగ్ అంటారు. నేను మనసులో అవ్వ అనే పిలుచుకుంటున్నాను. నా వెనక ఇంకెవరూ రావడం లేదని రెండుసార్లు అడిగి మరీ నమ్మింది. ఇక్కడ రాళ్లు, గాలి, ఆడవాళ్లు, ఈ మూడే ఎక్కువ అని సామెతట. రాళ్లకూ గాలికీ మా పెనుకొండ కూడా తీసిపోదని చెప్పాను.

పొద్దున ఒడ్డుకు పోయాను. ట్యాంకరు నీళ్లకు బిందెలు వరస పెట్టి పెరిగినదాన్ని, అన్ని నీళ్లు ఒక్కచోట చూస్తే మొదట కోపం వచ్చింది. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని మోకాళ్ల దాకా దిగి, రెండు గంటలు ఊరికే నిలబడ్డాను. ఏం చేస్తున్నావని ఎవరూ అడగలేదు.

ఈ సెలవు ఊరికే రాలేదని బావకు చెప్పు. ఆయన పనిచేసే మా కంపెనీ పెనుకొండ ఫ్యాక్టరీలో మిషన్లకు వేలాడదీసే ట్యాగులన్నీ కొరియా భాష నుంచి తెలుగులోకి మార్చినందుకు ఇచ్చారు. మూడు వందల పన్నెండు మాటలు, ఐదు నెలల పని. పోయిన నెల అక్కడ వేలాడదీశారట. మా సెక్షన్ పెద్ద పిలిచి, బాగా చేశావు, పోయి సముద్రం చూసిరా అన్నాడు. సగం మాటలు నువ్వు సరిదిద్దినవే, సెలవులో సగం నీది కూడా. ఇరవై ఎనిమిదేళ్లకు మొదటిసారి, ఎప్పుడొస్తావని అడిగేవాళ్లు లేని ఊళ్లో ఉన్నాను. ఇంత సుఖం నాకు అరుగుతుందా అని అనుమానంగా ఉంది.

ఉప్పు అంటిన కాళ్లతో,
హేమ

*

హిందూపురం
సెప్టెంబర్ 9, మంగళవారం

హేమా,

ఫోను లాక్కుని కాఫీ ఇచ్చే ఇల్లు. మా బడిలో పదో తరగతి పిల్లలకు మేము రోజూ చేసే పని అదే. కాఫీ ఇవ్వం, అంతే తేడా. దానికి విమానం ఎక్కి పోవాలా? ఇది స్టాఫ్ రూములో రాస్తున్నాను, పక్కన లెక్కల సారు తొంగి చూస్తున్నాడు, తెలుగు కదా, చూసుకోనీ.

నీ సముద్రం సంగతి అమ్మకు నేనే చెప్పాల్సి వచ్చింది. గ్రహణం పట్టిన దినం బయలుదేరావు, పెద్దల పక్షం మొదలైన దినం నీళ్లలో కాలు పెట్టావు. అమ్మ చేతిలో చాట కింద పెట్టేసి, "పెద్దల దినాల్లో సముద్రం కాడ ఆ పిల్లకేం పని? ఎవురికి నీళ్లు ఇడుస్తాండాది?" అంది. మన ఇంట్లో సముద్రం చూసింది పెద్దనాయన ఒక్కడే, అదీ తాత అస్థికలు కలపడానికి పోయి. పెనుకొండలో అడిగినవాళ్లకు ఆఫీసు పని మీద పోయిందని చెప్పుకుంటోంది. నాకు అలాంటి పట్టింపులు లేవు గానీ, మోకాళ్లు దాటి దిగకు.

నీ ట్యాగులు చూసి బావ ఛాతీ రెండు అంగుళాలు పెరిగింది. "మా మరదలు రాసింది ఇదంతా" అని షిఫ్టు మొత్తానికి చెప్పుకుంటున్నాడట. రామగిరిలో పనిచేసినప్పుడు నా దగ్గర పదో తరగతి చదివిన గంగాదేవి గుర్తుందా? పెద్ద జడ పిల్ల. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు మీద మిషన్లు తుడిచే పని చేస్తోంది. గురుపూజ దినం నాడు ఫోను చేసి, "మేడమ్, మీరు సెప్పిన సదువు ఈడ పనికొస్తాండాది. సదవను రానోళ్లకు ట్యాగులన్నీ నేనే సదివి సెప్తాండా" అంది. ఆ పూట నాకు అన్నం అక్కరలేకపోయింది.

ఒక చెడ్డ వార్త కూడా ఉంది. బావతో పనిచేసే ప్రేమ్ కుమార్ అని ముదిగుబ్బ మనిషి. పోయిన శుక్రవారం ప్రెస్సు కింద చేయి పడి రెండు వేళ్లు పోయాయి. ధర్మవరం ఆసుపత్రిలో ఉన్నాడు. గురువారం పోయి చూసి రావాలి. బావ నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదు.

నువ్వు మాత్రం బాగా తిను. అక్కడ చేపలేగా అంతా, ముళ్లు చూసుకో.

మీ అక్క

*

జెజు దీవి
సెప్టెంబర్ 10, బుధవారం

అక్కా,

మోకాళ్లు దాటాను. నడుము దాకా దిగాను. అవ్వ నా రెండు చేతులూ పట్టుకుని నీళ్ల మీద తేలడం నేర్పిస్తోంది. చెవుల్లో నీళ్లు పోయి లోకం మూగపోయింది. ఐదు నెలలుగా తలలో తిరుగుతున్న మాటలన్నీ ఒక్కొక్కటే నిద్రపోయాయి. ఇంతకంటే హాయి ఉంటుందని నేననుకోను.

అవ్వ ఒకప్పుడు మునిగి వేట చేసేదట. ఈ దీవిలో ఆడవాళ్లు గాలి గొట్టాలేవీ లేకుండా, ఒక్క ఊపిరి పట్టి అడుగుకు పోయి గవ్వలూ నత్తలూ ఏరుకొస్తారు. భయం వేయదా అని అడిగాను. నీళ్లు చూసి కాదు, అడుగున పెద్దది ఏదైనా కనబడితేనే భయపడాలి అంది. దాని మీద ఆశతో ఊపిరి ఎంత మిగిలిందో మరిచిపోతారట. ఆమె చెల్లెలు అలాగే పోయింది. ఆ మాట చెబుతూనే నాకు ఇంకో రెండు చేప ముక్కలు వడ్డించింది.

ప్రేమ్ కుమార్ సంగతి చదివి బాధేసింది. ఆయన ట్యాగు చూసుకోలేదా? అంత పెద్ద ఎర్ర అక్షరాలతో రాయించాం కదా. ఆయనకు చదవడం వచ్చా? చదువు రానివాళ్లు ఉంటారు, బొమ్మలు కూడా వేయండి అని నేను ముందే అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. మన వైపు మనుషులకు ఎన్ని రాసిపెట్టినా తల ఎత్తి చూడరు, అదొక అలవాటు.

రేపు దీవికి దక్షిణాన ఉన్న ఒడ్డుకు పోతున్నాను. అక్కడ ఇసుక తెల్లగా ఉంటుందట. అమ్మకు నేను ఆఫీసు పని మీదే ఉన్నానని చెప్పు, ఆమె అబద్ధాన్ని మనమెందుకు పాడుచేయాలి.

తేలుతున్న నీ చెల్లెలు

*

హిందూపురం
సెప్టెంబర్ 12, శుక్రవారం

హేమా,

మన వైపు మనుషులు తల ఎత్తి చూడరు అని రాశావు. ఆ ముక్క బావకు చదివి వినిపించలేదు. ఆయన కూడా మన వైపు మనిషే. నీళ్ల మీద తేలుతూ రాసిన ఉత్తరం కాబట్టి ఊరుకుంటున్నాను.

నిన్న ధర్మవరం పోయాం. ప్రేమ్ కుమార్‌కు చదవడం వచ్చు. ఐటీఐ చదివాడు. ఈ ఫ్యాక్టరీకి రాకముందు ఎనిమిదేళ్లు కరెంటు లైన్ల మీద పనిచేశాడు. చదివిన న్యూస్ పేపరు దిండు కింద పెట్టుకుని ఉన్నాడు. కట్టు కట్టిన చేయి గుండె మీద ఉంచుకుని, నేను టీచరునని తెలిసి, నాకే చెప్పుకున్నాడు. "నేను సదివినా మేడమ్. సదవకుండా చెయ్యి పెట్టేంత పిచ్చోణ్ని కాదు. తీసి ఉన్నది అని ఉండె. తీసినారు గదా అని చెయ్యి పెడితి." ఆ ఒక్క మాటే మూడుసార్లు చెప్పాడు. వాళ్ల ఆవిడ లక్ష్మీదేవి గోడ వైపు తిరిగి కూర్చుంది.

వరండాలోకి వచ్చాక బావ నెత్తి కొట్టుకున్నాడు. "మందుల మత్తులో ఏందో మాట్లాడతాండాడు. వాల్వు తీసి ఉండాదంటే గాలి వస్తాండాదని గదా. సిన్నపిల్లోడికైనా తెలుస్తాది. సూసుకోలేదు, అంతే" అన్నాడు. నాకు మిషన్ల సంగతి తెలియదు, ఇద్దరిలో ఎవరి మాట నిజమో అర్థం కాలేదు. కానీ ఆ మనిషి ముఖంలో అబద్ధం లేదు. పన్నెండేళ్లుగా పిల్లల ముఖాలు చూస్తున్నాను, ఆ మాత్రం తెలుస్తుంది.

ఫ్యాక్టరీవాళ్లు ఒక కాగితం తయారుచేశారట. ట్యాగు ఉన్నా కార్మికుడు చదవలేదు, తప్పు అతనిదే అని. పక్కన పనిచేసేవాడిగా బావ సాక్షి సంతకం పెట్టాలి. మంగళవారం అన్నారు. అది పెడితే ప్రేమ్ కుమార్‌ను మళ్లీ లోపలికి రానివ్వరు. ఆయన నిజమనుకున్నదే కదా, పెడతాడు. అయినా దారి పొడవునా బస్సులో కిటికీలోంచి చూస్తూనే కూర్చున్నాడు.

తెల్ల ఇసుక ఎలా ఉంది? ఏదో అడగాలి కాబట్టి అడుగుతున్నా.

శైలజ

*

జెజు దీవి
సెప్టెంబర్ 13, శనివారం

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రేమ్ కుమార్ అబద్ధం చెప్పడం లేదు. మత్తులోనూ లేడు.

నీకు మిషన్ల సంగతి తెలియదన్నావు, చెబుతాను విను. ఆ ప్రెస్సు పైకీ కిందికీ కదిలేది గాలితో. గాలి పైపుకు ఒక వాల్వు ఉంటుంది, దాని దగ్గర ట్యాగు వేలాడుతుంది. వాల్వు మూసి ఉంటే గాలి రాదు, చేయి పెట్టొచ్చు. తెరిచి ఉంటే గాలి ఉన్నట్టు, ప్రెస్సు ఏ క్షణమైనా పడుతుంది. కొరియా భాషలో దానికి ఒక్కటే అర్థం. నేను మొదట రాసింది 'మూసి ఉన్నది', 'తెరిచి ఉన్నది' అనే. జూన్‌లో నీకు ఫోను చేసి చదివి వినిపించాను. నువ్వు నవ్వి, "తెరిచి ఏంది, పుస్తకం మాట. మనోళ్లు తలుపు వేసి ఉంది, తీసి ఉంది అంటారు, అదే రాయి" అన్నావు. నాకూ ముచ్చటేసింది. మార్చేశాను.

తలుపు వేస్తే మూసుకుంటుంది. లైటు వేస్తే వెలుగుతుంది. తలుపు తీస్తే తెరుచుకుంటుంది. లైటు తీస్తే ఆరిపోతుంది. ఒకే మాట అక్కా, రెండు అర్థాలు, ఒకదానికొకటి తలకిందులు. బావ పైపుల మనిషి, ఆయనకు వాల్వు తలుపు లాంటిది, సరిగ్గా అర్థమైంది. ప్రేమ్ కుమార్ కరెంటు మనిషి. ఎనిమిదేళ్లు "లైను తీసినారా?" అని అడిగి, తీశామంటేనే స్తంభం ఎక్కినవాడు. తీసి ఉన్నది అని చదివాడు, ఇంక ప్రమాదం లేదని చేయి పెట్టాడు. ఇలాంటి ట్యాగులు అక్కడ నలభై ఆరు ఉన్నాయి.

ఇది అర్థమైనప్పుడు నేను ఇసుకలో పడుకుని ఉన్నాను. నాకు చాలా భయంగా ఉంది.

ఇంటికి వచ్చి, కంప్యూటరు దొరకగానే మా సెక్షన్ పెద్దకు మెయిలు రాశాను. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. గమనించి మంచి పని చేశావు, ట్యాగులు మారుస్తాం, నువ్వు హాయిగా సెలవు గడుపు అని. మారుస్తామని మాట ఇచ్చారు కాబట్టి ఇంకెవరికీ ఏమీ కాదు. అంతవరకు ఈ సంగతి ఎవరితోనూ అనొద్దు, బావతో కూడా. గోల అయితే మొదట పోయేది నా ఉద్యోగం. నా వీసా కంపెనీ చేతిలో ఉంది. నీ పేరు కూడా బయటికి వస్తుంది. నేను తిరిగి పోయాక నెమ్మదిగా కూర్చుని మాట్లాడి, ప్రేమ్ కుమార్‌కు ఏదైనా మంచి జరిగేలా చూస్తాను.

నా మీద కోపం తెచ్చుకోకు.
హేమ

*

హిందూపురం
సెప్టెంబర్ 14, ఆదివారం

హేమా,

కోపం తెచ్చుకోవద్దని రాసి, నెపం మాత్రం నా మీద పెట్టావు.

నువ్వు అడిగింది వాల్వు గురించి అని నాకు చెప్పావా? "ఓపెన్, క్లోజ్‌కి మన ఊళ్లో ఏమంటాం అక్కా" అన్నావు. నేను మార్కుల జాబితా రాస్తూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని, తలుపు గురించి అనుకుని చెప్పాను. మిషను కింద మనిషి చేయి ఉంటుందని చెప్పి ఉంటే ఇలా చెప్పేదాన్నా? ఈ మాట నాలుగుసార్లు రాసి కొట్టేశాను. ఎందుకంటే ఏ తరగతి పిల్లవాణ్ని అడిగినా చెబుతాడు, నానార్థాలు బోర్డు మీద రాయించేది నేనే. తీయు అనే మాట ఒక్కటి తీసుకుంటే ఒక పీరియడు గడిచిపోతుంది. ముగ్గు తీయడం, ప్రాణం తీయడం, పాట తీయడం. అన్నీ చెప్పేదాన్ని, లైటు తీయడం నాకు తోచలేదు.

నిన్నటి నుంచి బావ ఎదుట నిలబడలేకపోతున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ట్యాగు మాట వస్తే లేచి వంటింట్లోకి పోతున్నాను. పొద్దున ఉగ్గాని తింటూ, "ప్రేమ్ కుమార్‌దే తప్పని నా సేత్తోనే రాసిస్తాండా గదా, శైలా. తప్పేమో అనిపిస్తాండాది" అన్నాడు. నోటిదాకా వచ్చింది. నువ్వు చెప్పొద్దన్నావు, ట్యాగులు మారుస్తారన్నావు. మింగేశాను. ట్యాగులేమైనా మారుస్తున్నారా అని మాత్రం అడిగాను. "నేనేం సూడలేదు. నువ్వెందుకు అడుగుతాండావు?" అన్నాడు. ఊరికే అన్నాను. సోమవారం మారుస్తారు కాబోలు.

నీతో దాచడం దేనికి. నీ ఉద్యోగం పోవడం నాకిష్టం లేదు. తెలుగు టీచరు తప్పు చెప్పిందని నలుగురిలో పడటం అంతకంటే ఇష్టం లేదు. నా నోరు మూయించింది మొదటిదా రెండోదా అని రాత్రి చాలాసేపు తూచి చూశాను. రెండోదే బరువుగా ఉంది.

ఇప్పుడే అమ్మ ఫోను చేసి, "ఆ పిల్లను సముద్రం కాడ్నుంచి వచ్చేయమను" అంది. ఏమైందమ్మా అంటే, ఏం కాలేదు, ఊరికే అంది.

శైలజ

*

జెజు దీవి
సెప్టెంబర్ 17, బుధవారం

అక్కా,

మూడు రోజులు రాయలేదు. సోమవారమే అవ్వను అడిగి ఫోను తీసుకున్నాను. నా చేతిలోనే ఉంది. చేస్తే నీ గొంతు వినాలి, అడిగినదానికి వెంటనే జవాబు చెప్పాలి. అందుకని చేయలేదు.

నీకు ఒక మాట దాచాను. సెక్షన్ పెద్ద మొదటి జవాబులోనే, నెలాఖరుకు ఫ్యాక్టరీ రెండు రోజులు మూస్తాం, అప్పుడు ట్యాగులు మారుస్తాం అని రాశాడు. నీకు రాసేటప్పుడు ఆ నెలాఖరు అనే ముక్క వదిలేశాను. మారుస్తామన్నారు అని ఊరుకున్నాను. అనువాదమే నా బతుకు అక్కా. ఏ మాట వదిలితే అర్థం ఎటు పోతుందో నాకు తెలియక కాదు. నువ్వు ధైర్యంగా ఉండాలని వదిలేశాను అనుకున్నాను. నువ్వు నోరు మెదపకుండా ఉండాలని వదిలేశాను, అది నిజం.

సోమవారం ఇంకో మెయిలు వచ్చింది. నా సెలవు ఇంకో పది రోజులు పొడిగించారు. ఈ ఇల్లు చిన్నది కదా, ఒడ్డునే ఉన్న పెద్ద హోటల్లో గది తీశాం, ఖర్చంతా కంపెనీదే అన్నారు. కింద ఒక్క వాక్యం, పెనుకొండ ఆఫీసుకు నువ్వు నేరుగా ఏమీ రాయకు అని. ఆ ఉత్తరం చదివి నేను ఏం చేశానో తెలుసా? హోటలు ఫోటోలు చూశాను. గది కిటికీలోంచి సముద్రం కనబడుతోంది. కాసేపు సంతోషంగా కూడా అనిపించింది. ఆ తర్వాత తెలిసింది, నన్ను ఇక్కడ ఎందుకు ఉంచాలనుకుంటున్నారో.

నిన్న రోజంతా ఒడ్డున కూర్చున్నాను. ఎండ బాగుంది, నీళ్లు బాగున్నాయి. ఎటు చూసినా నీళ్లే. వచ్చిన నాడు అదే బాగుందనిపించింది. ఈ పూట అవ్వ నా కంచం చూసి, నువ్వు మూడు రోజులుగా తినడం లేదు, ఎవరైనా పోయారా అని అడిగింది. ఇంకా లేదు అన్నాను. నా నోటి వెంట ఆ మాట వచ్చాక లేచి ఈ కంప్యూటరు దగ్గరికి వచ్చాను.

దీనితో ఒక కాగితం పంపుతున్నాను. తెలుగులోనూ కొరియా భాషలోనూ రాశాను. ట్యాగు మీద మాట తప్పు, రాసింది నేను, ప్రేమ్ కుమార్ సరిగ్గా చదివాడు అని. కింద నా సంతకం ఉంది. బావకు ఇప్పుడే చూపించు. మంగళవారం సంతకం పెట్టేసి ఉంటే వెనక్కి తీసుకోమను. ఈ షిఫ్టు దిగేలోపల ప్రతి ఒక్కరికీ తెలియాలి. తీసి ఉన్నది అంటే చేయి పెట్టకూడదు. ఎవరూ పెట్టకూడదు.

నా ఉద్యోగం సంగతి ఇంక ఆలోచించకు.

హేమ

*

హిందూపురం
సెప్టెంబర్ 19, శుక్రవారం

హేమా,

నీ కాగితం నిన్న కాదు, మొన్న సాయంత్రమే చూశాను. బెంగళూరులో ఆసుపత్రి వరండాలో నిలబడి, ఫోనులో. ఆ దినం పొద్దున ఏడున్నరకే గంగాదేవి చేయి పోయింది. కుడి చేయి, మోచేతి దాకా.

ఏడో నంబరు ప్రెస్సు తుడవడానికి పోయిందట. పక్కన ఓబులమ్మ అని చదువు రానామె ఉంది. ఆమె కోసం ట్యాగు గట్టిగా చదివి వినిపించి, "తీసి ఉన్నది అని రాసినారు, తుడుస్తాం రా" అందట. ఓబులమ్మ గుడ్డ మరిచిపోయి వెనక్కి తిరిగింది. అందుకే ఆమె చేతులు రెండూ ఉన్నాయి. గంగాదేవికి ప్రాణభయం లేదని డాక్టర్లు అన్నారు. కళ్లు తెరిచింది.

ట్యాగులు ఆ పూటే తీసేశారు. నలభై ఆరూ కలిపి గంట పని.

బావ మంగళవారం సంతకం పెట్టాడు. బుధవారం ఆసుపత్రి నుంచి ఫోను చేసి ఆయనకు అంతా చెప్పాను. అంతా విని, "ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అన్నాడు. శనివారం నుంచి అన్నాను. "నేను సంతకం పెట్టనీకి పోతాంటే, వాకిట్లో నిలబడి టిఫన్ డబ్బా ఇస్తివే. అప్పుడు తెలుసునా?" అన్నాడు. తెలుసు అన్నాను. ఫోను పెట్టేశాడు. ఆ దినమే పోయి సంతకం వెనక్కి తీసుకుని, అక్కడి నుంచి నేరుగా ధర్మవరం పోయి ప్రేమ్ కుమార్ దగ్గర కూర్చున్నాడట. ఇంటికి రాలేదు. రమ్మని నేనూ అడగలేదు, ఏ ముఖం పెట్టుకుని అడగను.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. నేను నా పిడికిలి ఎంతో చూసుకుంటూ కూర్చున్నాను. నువ్వు ఒక ముక్క దాచావు, నేను అంతా దాచాను. నువ్వు దీవిలో ఉన్నావు, నేను గంటన్నర బస్సు దూరంలో ఉన్నాను. ఆదివారం నేను నోరు తెరిచి ఉంటే ఆ పిల్ల నిన్న కూడా జడ తనే వేసుకునేది.

గంగాదేవి తల్లి సిద్దమ్మ వరండాలో నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే దేవుణ్ని చూసినట్టు లేచి వచ్చింది. ఎందుకో విను. "నా బిడ్డకు సదువు రాదని ఫ్యాక్టరీవోళ్లు రాసుకున్నారంట మేడమ్. సదవను రాకనే చెయ్యి పెట్టిందంట. మీ కాడ పదో తరగతి పాసయిన పిల్ల గదా. మీరు టీచరు, మీరు సెప్తే ఇంటారు. ఒక్క మాట సెప్పండి, నా బిడ్డకు సదవను వస్తాదా రాదా?"

వస్తుందమ్మా అన్నాను. సరిగ్గానే చదివింది, తప్పు రాసింది మేము అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. "మీరెందుకు రాస్తారు మేడమ్" అని నా చేయి పట్టుకుంది. మళ్లీ చెప్పాను, మాట నాది, రాసింది నా చెల్లెలు, తప్పని తెలిశాక నాలుగు దినాలు ఎవరికీ చెప్పలేదు అని. అప్పుడు చేయి వదిలేసింది. తిట్టలేదు. పోయి మళ్లీ తన చోట కూర్చుంది. నేను తెల్లవారేదాకా వరండాకు ఈ చివర నిలబడ్డాను.

నీ కాగితానికి నాదొకటి కలిపి రాసి, ఇద్దరి పేర్లూ పెట్టి, నిన్న ఆసుపత్రికి వివరాలు రాసుకోవడానికి వచ్చిన ప్రభుత్వ అధికారికి ఇచ్చాను. నిన్ను అడగలేదు. మా హెడ్మాస్టరుకు కూడా ఒక నకలు ఇచ్చాను. విచారణ వచ్చే బుధవారం, పెనుకొండలో. ప్రేమ్ కుమార్ వస్తాడు, సిద్దమ్మ వస్తుంది. ఆ మాటకు అర్థం ఏమిటని అడుగుతారు.

హోటలుకు పోవద్దు. టికెట్ తీసుకుని వచ్చేయ్. వాళ్ల భాషలో నువ్వు చెప్పు, మన భాషలో నేను చెబుతాను.

అక్క